హోరులో విన్న మాట, మసకలో చదివిన మాట

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఒక పోలిక కనిపించింది. ఒకరు ఆసుపత్రి గురించి రాస్తే మరొకరు తుపాను గురించి రాశారు గాని, గోల, చీకటి, కంగారు, అంతంతమాత్రం సిగ్నలు ఉన్నచోట నోటితో చెప్పింది ఎంతవరకు అందుతుంది, కాగితం మీద పెట్టింది ఎంతవరకు అందుతుంది అన్నదే అందరి సందేహమూ. అందుకని వాటిని ఒకచోట ఇస్తున్నాము. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసేశాము.

ప్రశ్న: మా అత్తగారు ఇచ్ఛాపురం ఆడపడుచు. పెళ్లయి పర్లాకిమిడి వచ్చినప్పటి నుంచి సంతలోనూ ఇరుగుపొరుగుతోనూ ఒడియాలోనే నెట్టుకొస్తున్నారు. అయితే మోకాళ్ల నొప్పులకని పెద్దాసుపత్రికి తీసుకువెళితే, ఓపీ హాలులో అటెండరు ఒడియాలో పిలిచే టోకెను నంబరు ఆమెకు ఒక్కసారీ అందదు. పక్కవాళ్లను అడుగుతూ కూర్చుంటారు. చెవుల పరీక్ష చేయిస్తే వయసుకు తగినట్టే ఉంది, ఫరవాలేదన్నారు. మా అబ్బాయేమో నానమ్మకు ఇన్నేళ్లయినా ఒడియా రాలేదని వేళాకోళం చేస్తున్నాడు. లోపం భాషలో ఉందా, చెవిలో ఉందా? — ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందుగా ఆ చెవుల పరీక్ష సంగతి చూద్దాం. దానిని నిశ్శబ్దంగా ఉండే గదిలో, ఒక్కొక్క స్వరాన్ని విడిగా వినిపించి చేస్తారు. ఎంత సన్నని శబ్దం వరకు వినగలరో అది చెబుతుంది. పది ఫ్యాన్లు తిరుగుతూ, పిల్లలు ఏడుస్తూ, జనం మాట్లాడుకుంటున్న హాలులో ఒక గొంతును మిగతా గోల నుంచి విడదీసి పట్టుకోగలరా లేదా అన్నది అది చెప్పదు. ఈ రెండూ వేరు శక్తులు కాబట్టి, పరీక్షలో బాగానే ఉన్నవారు హాలులో తడబడడం వైద్యులకు కొత్త విషయమేమీ కాదు.

మాటలో అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు తక్కువ. గోల పెరిగేకొద్దీ ముందు మునిగేవి స, త, ప, క వంటి హల్లులే; అచ్చులు మాత్రం చాలాసేపు పైన తేలుతూ ఉంటాయి. వయసుతో తగ్గే వినికిడి కూడా మొదట కీచుగా ఉండే హెచ్చు స్థాయి ధ్వనుల దగ్గరే, అంటే ఈ హల్లుల దగ్గరే తగ్గుతుంది. ఇప్పుడు ఒడియా అంకెలను ఒకసారి తలచుకోండి. ఏడు సాత, ఎనిమిది ఆఠ. పదిహేడు సతర, పద్దెనిమిది అఠర. హల్లులు మసకబారితే ఈ జంటలలో ఒకదాని నుంచి మరొకదానిని విడదీసే ఆధారం దాదాపు మిగలదు. పైగా హాలు గోడల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని, ముందు పలికిన అక్షరాన్ని తీసుకువచ్చి తరువాతి అక్షరం మీద పడేస్తుంది. మైకు గొంతు పెంచితే ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది కాబట్టి దానివల్ల లాభం తక్కువ; మాటకూ మాటకూ మధ్య కాస్త ఎడం ఇచ్చి పిలిస్తే ఎక్కువ లాభం.

సంతలో బేరం కుదిరి, ఇక్కడ మాత్రం ఎందుకు కుదరదు? సంతలో ఏ మాట రాబోతోందో ఆమెకు ముందే సగం తెలుసు: ఎదుట వంకాయలున్నాయి, అమ్మేవాడి ముఖం కనిపిస్తోంది, ధర ఏ మేరకు ఉంటుందో తెలుసు. జార్జి మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1951లో చూపించినది ఇదే. ఒకే మాటను అంతే గోలలో విడిగా వినిపిస్తే అందనివారికి, వాక్యంలో పెట్టి వినిపిస్తే అందింది. వినబోయే మాట కొద్ది మాటలలో ఒకటని ముందే తెలిసి ఉంటే ఇంకా తేలికగా అందింది. టోకెను పిలుపుకు వాక్యం ఆసరా లేదు, వందలోపు ఏ నంబరైనా కావచ్చు. ఆ లెక్కన మీ అత్తగారు ఎంత నంబరు నడుస్తోందని పక్కవాళ్లను అడగడం చాలా తెలివైన పని. పదహారు నడుస్తోందని తెలిస్తే, తరువాత వచ్చే అస్పష్టమైన పిలుపు పదిహేడేనని చెవి తేల్చుకోగలదు.

ఇక భాష. నిశ్శబ్దంలో సమానంగా అర్థం చేసుకునే ఇద్దరిలో, పెద్దయ్యాక ఆ భాష నేర్చినవారు గోలలో ముందు వెనకబడతారు. అమెరికాలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడేవారి మీద 1997లో వెలువడిన ఒక పరిశోధన దీనిని కొలిచి చూపింది: పసితనం నుంచి ఇంగ్లీషు విన్నవారు తట్టుకున్నంత గోలను, పద్నాలుగేళ్లు దాటాక నేర్చినవారు తట్టుకోలేకపోయారు, వాక్యంలోని ముందు మాటల ఆధారంతో చివరి మాటను ఊహించే శక్తి కూడా వారికి తక్కువగానే పనికివచ్చింది. మీ అబ్బాయి ఒడియా బడిలో, ఒడియా పిల్లలతో పెరిగినవాడు. అతని చెవికి ఉన్న ఆ వెసులుబాటు నానమ్మకు లేదు. భాష వచ్చా రాదా అన్నదానితో దానికి సంబంధం లేదు.

ఆమెను అటెండరు ముఖం కనిపించే చోట కూర్చోబెట్టండి. గోల ఎక్కువయ్యేకొద్దీ పెదవుల కదలిక చూడడం వల్ల కలిగే మేలు పెరుగుతుందని 1954లోనే సంబీ, పొలాక్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. చీటీ మీద నంబరును పెద్ద అంకెలతో రాసి ఆమె చేతికివ్వండి. పిలిచేవారికి చూపించి అడగడానికి అది చాలు.

ప్రశ్న: నేను గుణుపురం వైపు ఆశా కార్యకర్తను. కొండ ఊళ్లలో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. మాత్రల సంగతి ఫోనులో చెబితే అవతలి నుంచి "సరే, సరే" అంటారు. వెళ్లి చూస్తే ఒక పూట వేయవలసినది మూడు పూటలా వేస్తుంటారు. రాసి పంపుదామంటే కొందరికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు, కొందరికి ఒడియా లిపి రాదు, సవర గిరిజనుల ఇళ్లలో పెద్దలకు ఏ లిపీ రాదు. మాట మేలా, రాత మేలా? — ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాలన్నిటిలో ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీదే. మాటలోనూ రాతలోనూ సందేశం చెడుతుంది గాని, చెడే తీరు వేరు.

1970లో రిచర్డ్ వారెన్ అనే శాస్త్రవేత్త ఒక వాక్యాన్ని రికార్డు చేసి, అందులో ఒక మాట నుంచి ఒక ధ్వనిని పూర్తిగా కత్తిరించి, ఆ ఖాళీలో దగ్గు పెట్టి వినిపించాడు. విన్నవారిలో దాదాపు అందరూ దగ్గు వినపడిందన్నారు గాని, మాటలో ఏదో లేదని పట్టుకోలేకపోయారు. లేని ధ్వని వారికి వినిపించింది. దగ్గు తీసేసి అక్కడ నిశ్శబ్దం ఉంచితే మాత్రం లోపం తెలిసిపోయింది. అంటే గోల నడుమ పోయిన ముక్కను వినేవారి మనసే పూరించుకుంటుంది. పూరించుకున్న సంగతి ఆ మనిషికే తెలియదు. కాబట్టి మీతో "సరే" అన్నవారు మొహమాటానికి అనలేదు, అబద్ధమూ ఆడలేదు. పూటకు ఒకటి అన్న మాట వారి చెవిలో పూర్తిగానే పలికింది. రోజుకు ఒకటి అని మీరు అన్నారన్నది మాత్రం వారి దాకా చేరలేదు.

రాత అలా కాదు. వాన చినుకు పడి ఒక అక్షరం అలుక్కుపోతే, అలుక్కుపోయినట్టు కంటికి కనిపిస్తుంది. చదివేవారు ఆగుతారు, ఇంకొకరిని అడుగుతారు. రాతలో నష్టం బయటికి తెలుస్తుంది, మాటలో దాగిపోతుంది. మాటకే ఎక్కువ కాపలా కావాలని నేననడం ఇందుకే.

ఆ కాపలా ఎలాగన్నది విమానాలవాళ్లు చాలా ఖరీదుతో నేర్చుకున్నారు. 1977 మార్చి 27న టెనరీఫ్ దీవిలో పొగమంచులో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఆగి ఉండమని కంట్రోలు టవరు ఒక విమానానికి చెప్పిన క్షణంలోనే రెండో విమానం కూడా రేడియోలో మాట్లాడడంతో, మొదటివారి చెవికి "ఓకే" అన్న ముక్క అంది, మిగిలినదంతా కీచుమన్న శబ్దంలో కలిసిపోయింది. బయలుదేరాలని ఆత్రంగా ఉన్న పైలట్లు ఆ "ఓకే"ను అనుమతిగా తీసుకున్నారు. ఆ ప్రమాదం తరువాత రేడియోలో వాడే మాటలను బిగించారు. ముఖ్యమైన ఆదేశాన్ని విన్నవారు "సరే" అంటే చాలదు, దానిని తిరిగి పలకాలన్న నియమాన్ని గట్టిపరిచారు.

మీరు కూడా "అర్థమయిందా?" అని అడగడం మానేయండి. దానికి ఎవరైనా అవుననే అంటారు. "ఈ మాత్ర పాపకు ఎప్పుడెప్పుడు వేస్తావో ఒకసారి నాకు చెప్పు" అని అడగండి. చెప్పలేకపోతే వారిది తప్పన్నట్టు మాట్లాడకుండా, "సిగ్నలు బాగాలేదు, మళ్లీ చెబుతాను" అనండి.

మామూలు ఫోను కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జుల (సెకనుకు ఇన్ని కంపనాలన్న లెక్క) మధ్య ధ్వనులనే మోస్తుంది. స, ష, ఫ వంటివాటిని ఒకదాని నుంచి ఒకటి విడదీసే భాగం చాలావరకు అంతకు పైన ఉంటుంది. సిగ్నలు బాగున్నా సరే అది దారిలోనే రాలిపోతుంది. వస్తూ పోతూ ఉండే సిగ్నలులో కాల్ కన్నా వాయిస్ మెసేజ్ నయం. దాన్ని మీరు నిశ్శబ్దంగా ఉన్నచోట రికార్డు చేయవచ్చు. ఆలస్యంగా చేరినా ముక్కలు ముక్కలుగా కాక మొత్తంగా చేరుతుంది. వారు ఎన్నిసార్లయినా వినవచ్చు. సవర ఇళ్లకైతే సవర మాట్లాడే మనిషి గొంతుతో రికార్డు చేయించండి. చదవడం రానివారికి ఇది రాతకు ఉన్న సుగుణాన్ని, అంటే వెనక్కి వెళ్లి చూసుకునే వీలును, మాటలోనే ఇస్తుంది.

ఎన్ని, ఎప్పుడు అన్నది మాత్రం కాగితం మీదే ఉండాలి. ఉదయించే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు. వాటి కింద మాత్రకు ఒక సున్న చొప్పున గీయండి. అంకెలు వేస్తే ఒడియా అంకెల దగ్గర జాగ్రత్త: ఒడియా నాలుగు, ఆ లిపి రానివారు తొందరలో చూస్తే అచ్చం మనం వాడే 8 లాగా ఉంటుంది. వైద్యుల దస్తూరీ గురించి చెప్పనవసరం లేదు. మందుల చీటీలు, పోస్టుమార్టం నివేదికలు పెద్ద అక్షరాలతోనో, చదవగలిగే దస్తూరీతోనో రాయాలని ఒడిశా హైకోర్టు 2024 జనవరిలో చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించవచ్చు. మీ దగ్గరికి వచ్చిన చీటీలో ఒక్క అంకె అనుమానంగా ఉన్నా, ఊహించి చెప్పకండి.

ప్రశ్న: మా అన్నయ్య విశాఖలో ఉంటాడు. ఫోనులో మాట్లాడితే ఏ తగవూ లేదు. వాట్సాప్‌లో రాసుకుంటే రెండో రోజుకే గొడవ. ఎందుకిలా? — ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: రాసేటప్పుడు మీ తలలో మీ గొంతు వినిపిస్తూ ఉంటుంది, ఆయనకు చేరేది అక్షరాలే. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు 2005లో ప్రచురించిన ప్రయోగాలలో, వెటకారమో నిజమో తమ ఈమెయిల్ చదివినవారు ఇట్టే గ్రహిస్తారని రాసినవారు గట్టిగా నమ్మారు. చదివినవారు గ్రహించింది బొమ్మా బొరుసూ వేసి తేల్చుకున్నదానికన్నా ఏమంత ఎక్కువ కాదు. అదే మాటలను గొంతుతో వినిపిస్తే చాలా మెరుగ్గా గ్రహించారు. మీ విషయంలో ఇంకొక చిక్కు ఉందని మీ ఉత్తరం వెంట పంపిన సందేశాలు చూస్తే తెలుస్తోంది: మీరిద్దరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుంటున్నారు. ఆ రాతలో "పాత పాట" అన్న రెండు మాటలూ ఒక్కలాగే ఉంటాయి. డబ్బు సంగతులు, అలిగే సంగతులు ఫోనులో మాట్లాడుకోండి. రైలు నంబరు, అకౌంటు నంబరు రాసుకోండి.

ప్రశ్న: మాది గోపాల్‌పూర్ పక్కన బెస్త పల్లె. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. తుపాను వచ్చే ముందు జీపులో మైకు పెట్టి చెబుతారు. గాలికి, అలల హోరుకు సగం వినపడదు. మా తాత మాత్రం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో అడిగి ఊరుకుంటాడు. ఇప్పుడు సైరన్లు, ఫోను సందేశాలు వచ్చాయి కదా, మైకు ఇంకా అవసరమా? — ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: మీ తాతగారి పద్ధతిలో పాతకాలపు ఇంజనీరింగు ఉంది. రేవులలో ఎగరవేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. పగలు శంకువుల, స్తూపాల ఆకారాలు, రాత్రి ఎర్రని, తెల్లని దీపాలు. గాలి ఎంత హోరెత్తినా కంటికి అడ్డం రాదు, ఏ భాషా అవసరం లేదు, పైగా ఉన్నవి పదకొండు సంగతులే కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. వీటిలో పదకొండోదాని అర్థం నాకు మొదటినుంచీ విశేషంగా తోస్తుంది: తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా ఉండవచ్చు అని. కబురు అందడం లేదన్న కబురు కూడా ఒక హెచ్చరికేనని ఈ వరుస పెట్టినవారు గుర్తించారు.

సైరన్‌దీ ఇదే బలం, ఇదే బలహీనత. ఒడిశా తీరంలో 2018 నుంచి టవర్ల మీద సైరన్లు పనిచేస్తున్నాయి. అవి నిద్ర లేపుతాయి, ఎటు వెళ్లాలో చెప్పవు. 2023లో దేశమంతటా ఫోన్లను మోగించి పరీక్షించిన సందేశ పద్ధతి, ఆ ప్రాంతంలోని టవరు నుంచి అన్ని ఫోన్లకూ ఒకేసారి ప్రసారమవుతుంది కాబట్టి ఎస్సెమ్మెస్‌లలాగా రద్దీలో ఇరుక్కోదు. అయితే పడవలో గుడ్డలో చుట్టిపెట్టిన ఫోనును, తెల్లవారకముందు చీకట్లో, కళ్లజోడు లేకుండా ఎవరు చదువుతారు? తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినది అటువంటి వేళలోనే. అందుకని మైకు కావాలి. కాకపోతే ఇప్పటిలా కాదు.

గోలలో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీనిని 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు గమనించాడు. కాని అరుపులో అచ్చులు పెరిగినంతగా హల్లులు పెరగవు. హారన్‌లో గొంతు పగిలేలా అరిస్తే ఆ హల్లులూ చెదిరిపోతాయి. మామూలు గొంతుతో, నెమ్మదిగా, అదే వాక్యాన్ని అవే మాటలతో మూడు నాలుగుసార్లు చెప్పడం మేలు. గాలి ఒకే తీరుగా వీయదు. మొదటిసారి ఒక ముక్క పోతే రెండోసారి వేరొక ముక్క పోతుంది, వినేవారు రెండింటినీ కలుపుకుంటారు. ప్రతిసారీ మాటలు మార్చి చెబితే ఆ కలుపుకోవడం కుదరదు.

ఇంకొకటి, ఇది మన తెలుగుకు సంబంధించినది. "సముద్రంలోకి వెళ్లండి", "సముద్రంలోకి వెళ్లకండి" అన్న రెండింటికీ తేడా ఒక్క అక్షరం. అదీ వాక్యం చివర, ఊపిరి అయిపోయి గొంతు తగ్గేచోట ఉంటుంది. ఆ "క" గాలిలో పోతే హెచ్చరిక అనుమతి అవుతుంది. కాబట్టి వద్దన్నది చెప్పకుండా చేయవలసినది చెప్పాలి: "పడవలు ఒడ్డుకు లాగండి. ఒడ్డునే ఉండండి." మీ పంచాయతీలో మైకు పట్టేవారికి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, ఈనాటికీ "తెలియజేయడమైనది" అంటూ సాగే నోటీసులు చూస్తుంటే బాధగా ఉంది. ఇది అభిరుచికి సంబంధించినదేనా, లేక అర్థం కావడంలో నిజంగా తేడా ఉందా? — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అయ్యా, తేడా ఉంది, అది ఎంతన్నది చదువుతున్నామా వింటున్నామా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చదివేవారు పొడుగు వాక్యం మొదటికి తిరిగి వెళ్లగలరు. వినేవారికి ఆ దారి లేదు; విన్నదంతా తలలో పట్టి ఉంచాలి. ఆ పట్టు ఏడు అంశాలకు ఒకటి రెండు అటూ ఇటూగా ఉంటుందని జార్జి మిల్లర్ 1956లో రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే శాస్త్రవేత్త అది నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించాడు. భయంలో, గోలలో అది ఇంకా తగ్గుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, ఏం చేయాలో తెలియడానికి ముందున్నదంతా మోస్తూ చివరిదాకా ఆగాలి.

పంతులుగారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరల నోటి నుంచే వారి భాష నేర్చినవారు. మాట్లాడే భాషే బడిలోనూ ఉండాలని పోరాడినవారు. ఇప్పుడు సమస్య ఆయన కాలం నాటికన్నా ఒక మెట్టు ముదిరింది. కంటి కోసం రాసిన నోటీసును యథాతథంగా మైకులో చదువుతున్నారు. చదివించి చూడండి:

"తీరప్రాంత గ్రామముల యందు నివసించు ప్రజలు, సంబంధిత అధికారులచే జారీచేయబడిన ఆదేశముల మేరకు, తమకు నిర్దేశించిన ఆశ్రయ కేంద్రములకు సాయంకాలము అయిదు గంటలలోగా తరలవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఇందులో వినేవారికి పనికివచ్చేవి మూడే: ఎక్కడికి, ఎప్పటిలోగా, ఏం చేయాలి. మొదటి సగం పూర్తిగా వినపడినా వాటిలో ఒక్కటీ తెలియదు. అదే నోటీసును మైకు కోసం ఇలా రాసి ఇవ్వవచ్చు: "అందరూ హైస్కూలుకు వెళ్లండి. సాయంత్రం అయిదు లోపల వెళ్లండి. ముసలివాళ్లను ముందు పంపండి." దస్త్రంలో ఉండవలసిన పెద్ద వాక్యం దస్త్రంలో ఉండనివ్వండి. గోడకు అంటించే కాగితం మీద ఈ మూడు వాక్యాలనే తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో రాసి, అయిదు గంటల దగ్గర అంకెతో పాటు గడియారం బొమ్మ కూడా వేయించండి.